తులం తూగితే చాలదు

అమ్మమ్మ సంవత్సరీకాలు అయ్యాక ఆవిడ ట్రంకుపెట్టె తెరిచాం. కలరా ఉండల వాసన, రెండు జరీ చీరలు, అడుగున పసుపుగుడ్డలో చిన్న మూట. విప్పితే ఆరు బిళ్ళలు. మా మామయ్య ఒకదాన్ని తీసి బొమ్మా బొరుసూ తిప్పి చూశాడు. "ఒరేయ్, ఇది 1840 నాటిదిరా! ఇట్లాంటిది ఒక్కోటి పది లక్షలకు పోయిందని వాట్సాప్‌లో వీడియో వచ్చింది" అన్నాడు. అప్పటికే ఆయన మనసులో వాటాలు కూడా పడిపోయాయని ముఖం చూస్తే తెలుస్తూనే ఉంది.

నేను సంచిలోంచి జేబు త్రాసు తీశాను. గ్రాములో నూరో వంతు దాకా చూపిస్తుంది. నాణేల పిచ్చి ఉన్నవాళ్ళు భూతద్దం కంటే ముందు కొనుక్కోవాల్సింది ఇదే. 1840 రూపాయి 11.49 గ్రాములు తూగింది. 1862 అని ఉన్నవి రెండు: 11.58, 11.61. నిజాం చార్మినార్ రూపాయి 11.09. ఆరో జార్జి బొమ్మ ఉన్న 1945 రూపాయి 11.62. ఆరోది రాగి బిళ్ళ. ఒకవైపు శ్రీరామ పట్టాభిషేకం, రెండోవైపు ఈస్ట్ ఇండియా కంపెనీ పేరూ, 1818 అన్న సంవత్సరమూ. దాన్ని నేను త్రాసు మీద పెట్టలేదు. ఎందుకో తర్వాత చెప్తాను.

ముందు ఈ అంకెల సంగతి. బ్రిటిష్ ఇండియా రూపాయి అసలు తూకం 180 గ్రెయిన్లు, అంటే 11.66 గ్రాములు. తులం అన్నా అదే. మన పెద్దవాళ్ళు 'రూపాయెత్తు బంగారం', 'రూపాయెత్తు పసుపు' అన్నది ఊరికే కాదు. రూపాయిని త్రాసులో వేస్తే అదే తులపురాయి. ప్రభుత్వ లెక్కలో 80 రూపాయల ఎత్తు ఒక శేరు, 933 గ్రాములు. నాణేన్నే తూనికరాయిగా వాడిన దేశంలో నకిలీని పట్టే మొదటి పరికరం త్రాసే కావడంలో వింతేముంది?

చేతులు మారినకొద్దీ వెండి అరుగుతుంది. ఎంత అరిగితే చెల్లదో చట్టంలోనే రాశారు. 1906 నాటి నాణేల చట్టం ప్రకారం అసలు తూకంలో నూటికి రెండు వంతులకు మించి తగ్గిన రూపాయి చెల్లేది కాదు. 11.66లో రెండు శాతం 0.23. అంటే 11.43 దగ్గర గీత. అమ్మమ్మ 1840 బిళ్ళ మీద విక్టోరియా రాణి జుట్టు పాయలు సగం చెరిగిపోయినా, 11.49 దగ్గర నిలిచి గీత దాటకుండా బతికింది. ఎవరైనా పాత రూపాయి చేతిలో పెట్టి "అరిగిపోయిందండీ, అందుకే 10.8 తూగుతోంది" అంటే నమ్మే ముందు దాని మీద అక్షరాలు చూడండి. ముద్ర నిగనిగలాడుతూ తూకం మాత్రం గ్రాము తక్కువైందంటే, అరిగింది నాణెం కాదు.

తర్వాత వెండి లెక్క. 1835 నుంచి 1939 దాకా రూపాయిలో పన్నెండింట పదకొండు వంతులు వెండి, ఒక వంతు కలిపిన లోహం. కొత్త రూపాయిలో అచ్చమైన వెండి 10.69 గ్రాములు. 1940లో యుద్ధం వేడికి వెండి సగానికి పడిపోయింది. 1945 దాకా వచ్చిన రూపాయిలో ఉన్నది 5.83 గ్రాములే. సగం వెండి రూపాయికి దొంగముద్ర వేయడం తేలిక కదా, అందుకే ఆ కాలపు బిళ్ళ అంచు మధ్యలో ఒక గాడి తీసి కాపలా పెట్టారు. మామయ్య చేతికి 1945 రూపాయి ఇచ్చి గోరుతో అంచు తడమమన్నాను. "అవున్రా, గాడి ఉంది" అన్నాడు, మొదటిసారి ఆసక్తిగా. 1947లో వెండి పూర్తిగా పోయి నికెల్ రూపాయి వచ్చింది. అది అయస్కాంతానికి అంటుకుంటుంది. వెండి రూపాయి అంటుకుంటే ఇక ఆలోచించేది ఏమీ లేదు.

నిజాం రూపాయి వేరే కొలత. 11.178 గ్రాములు, వెండి నూటికి 81.8 వంతులు, అంటే 9.14 గ్రాములు. హైదరాబాద్ రాజ్యంలో తమ రూపాయిని హాలీ సిక్కా అనీ, బ్రిటిష్ రూపాయిని కల్దార్ అనీ అనేవారు. మారకం ఏడు హాలీలకు ఆరు కల్దార్లు. నూరు కల్దార్లు కావాలంటే 116 రూపాయల 10 అణాల 8 పైల హాలీ పోయాలి. ఈ వింత అంకె ఎక్కడిదా అనుకునేవాణ్ణి. వెండితో వెండిని భాగించి చూశాను. 9.14ను 10.69తో భాగిస్తే 0.855. ఆరును ఏడుతో భాగిస్తే 0.857. రాజముద్రలు ఏవైనా బజారు మాత్రం వెండినే తూచిందన్నమాట.

ఆ చార్మినార్ బిళ్ళలో నాకు ఇష్టమైనది నడిమి ద్వారం. అందులో ఒక చిన్న ఉర్దూ అక్షరం ఉంటుంది. 'మీమ్' ఉంటే మహబూబ్ అలీ ఖాన్ కాలానిది, 'అయిన్' ఉంటే ఉస్మాన్ అలీ ఖాన్ కాలానిది. మాది ఉస్మాన్ కాలపుది. సంవత్సరం హిజ్రీలో 1342. దాన్ని 0.97తో హెచ్చించి 622 కలిపితే 1923-24 వస్తుంది. హైదరాబాద్ టంకశాల 1803లో మొదలై, 1903లో సైఫాబాద్‌కు, 1997లో చర్లపల్లికి మారింది. ఇప్పుడు మన జేబులో ఉన్న రూపాయి మీద సంవత్సరం కింద చుక్కబొమ్మ, అంటే నక్షత్రం, కనిపిస్తే అది అక్కడి సరుకే. ముంబయిది వజ్రం ఆకారం, నోయిడాది గుండ్రటి చుక్క, కోల్‌కతాకు ఏ గుర్తూ ఉండదు.

సంవత్సరం చెప్పని నిజం

మామయ్య ఆశంతా 1840 మీదే. పాపం, అదే అన్నిటికంటే మోసపుచ్చే అంకె. కంపెనీ టంకశాలలు 1840 అన్న అచ్చును 1862 దాకా మార్చలేదు. ఇరవై రెండేళ్ళ పాటు పోసిన రూపాయలన్నిటి మీదా అదే 1840. అంతకు ముందు నాలుగో విలియం బొమ్మతో 1835 అని వేసినవి కూడా 1840 దాకా అలాగే వచ్చాయి. 1862లో మొదలైనది మరీ విచిత్రం. 1874 దాకా సంవత్సరం అదే. బొంబాయి టంకశాల మాత్రం ఏ ఏటి బిళ్ళో తనకు తెలియడానికి అంకె కింద చిన్న చుక్కలు పెడుతూ పోయింది. అందువల్ల 1862 రూపాయి చూపిస్తే నాణేలవాళ్ళు సంవత్సరం చూడరు, భూతద్దం పెట్టి చుక్కలు లెక్కపెడతారు. చుక్కలు ఎన్ని, ఎక్కడ అన్నదాన్ని బట్టి కొన్ని అరుదు. మిగతావి సంతలో ఉల్లిపాయలంత మామూలు. మా రెండిటి మీదా ఒక్క చుక్క కూడా లేదు. వెండి ధరకు అటూ ఇటూగా పోయే రకం.

పాతదైతే విలువైనదన్న నమ్మకం పోవాలంటే నల్గొండ జిల్లా అక్కెనపల్లి దాకా వెళ్ళాలి. అక్కడ ఒకే నిక్షేపంలో దాదాపు 1,500 రోమన్ వెండి నాణేలు దొరికాయి. ఎక్కువగా అగస్టస్, టైబీరియస్ చక్రవర్తులవి, రెండు వేల ఏళ్ళ నాటివి. మన తీరానికి వర్తకం మీద వచ్చినవి. అయినా సాధారణమైన టైబీరియస్ దేనారియస్‌కు అంతర్జాతీయ మార్కెట్లో పలికే ధర, అరుదైన ఇరవయ్యో శతాబ్దపు రూపాయి పక్కన చిన్నది. వయసుకు ధర లేదు. ఎన్ని మిగిలాయి, ఎంత చెక్కుచెదరకుండా మిగిలాయి, ఎందరికి కావాలి అన్నవాటికే ధర.

ఎన్ని పోశారన్న లెక్క కూడా సగం నిజమే చెప్తుంది. 1911 రూపాయి కథ చాలామంది వినే ఉంటారు. అయిదో జార్జి ఉడుపు మీద హారంలో చెక్కిన ఏనుగు తొండం పొట్టిగా ఉండి, చూసినవాళ్ళకు పందిలా అనిపించింది. గొడవ లేచింది. మరుసటి ఏడు తొండం పొడుగ్గా దిద్దారు. కేటలాగుల లెక్కలో ఆ 1911 బిళ్ళలు పోసినవి సుమారు 94 లక్షలు, బయటికి వెళ్ళినవి 7 లక్షలు, మిగతావి కరిగించారు. 1939 రూపాయికి వస్తే కేటలాగులో ఉన్న అంకె 24.5 లక్షలు. కాగితం మీద చూస్తే 1939 రూపాయి మూడున్నర రెట్లు ఎక్కువగా దొరకాలి. జరుగుతున్నది తలకిందులు. 'పంది రూపాయి' ఒక మోస్తరుది కొన్ని వేలకు దొరుకుతుంది. మంచి 1939 వేలానికి వస్తే లక్ష దాటుతుంది.

కారణం వెండి. 1940లో సగం వెండి రూపాయి రాగానే పాత పూర్తి వెండి రూపాయల మీద పడ్డారు. విక్టోరియావి 1941లో, ఏడో ఎడ్వర్డ్‌వి 1942లో, అయిదో ఆరో జార్జిలవి 1943లో చెలామణీ నుంచి తీసేసి కొలిమికి పంపారు. 1939వి జనం చేతుల్లో పడి నలగడానికి వ్యవధే లేకపోయింది. టంకశాల లెక్క జనన రిజిస్టరు లాంటిది. కొలిమి దగ్గర మరణ రిజిస్టరు ఎవరూ రాయలేదు. అమెరికాలో 1933 నాటి ఇరవై డాలర్ల బంగారు నాణేనిదీ ఇదే జాతకం. 4,45,500 పోసి దాదాపు అన్నీ కరిగించారు. చట్టబద్ధంగా ఒక వ్యక్తి దగ్గర ఉండదగిన ఒకే ఒక్కటి 2021లో 1.89 కోట్ల డాలర్లకు పోయింది.

గ్లాసుడు నీళ్ళు

1939 గురించి ఇంత చెప్పడానికి సొంత గాయం ఒకటి ఉంది. కొన్నేళ్ళ కిందట ఒక నాణేల ప్రదర్శనలో ఒకాయన బల్ల మీద ఆ బిళ్ళ కనబడింది. పల్లెటూరి పాత కుటుంబం వాళ్ళు అమ్ముకున్నారన్నాడు. పన్నెండు వేలు చెప్పాడు. లక్ష పలికేది పన్నెండు వేలకు ఎందుకిస్తున్నాడన్న ప్రశ్న నాకు రావాలి. వచ్చింది కూడా. వచ్చినదాన్ని నేనే నోరు నొక్కాను. జేబు త్రాసు మీద పెడితే 11.61. తులానికి తులం. డబ్బులు కట్టి ఇంటికొచ్చాను.

రాత్రి భోజనం చేశాక గ్లాసులో సగానికి నీళ్ళు పోసి త్రాసు మీద పెట్టి, అంకెను సున్నా చేశాను. బిళ్ళకు సన్నటి దారం కట్టి, గ్లాసు అడుగూ పక్కలూ తగలకుండా నీళ్ళలో వేలాడదీశాను. బిళ్ళకు అంటుకున్న గాలిబుడగల్ని దూదిపుల్లతో తుడవాలి, లేకపోతే లెక్క తప్పుతుంది. అప్పుడు త్రాసు చూపించే అంకె, బిళ్ళ పక్కకు నెట్టిన నీళ్ళ బరువు. బిళ్ళ బరువును దానితో భాగిస్తే సాంద్రత. అచ్చమైన వెండి సాంద్రత 10.49, రాగి 8.96. పన్నెండింట పదకొండు వంతుల వెండికి లెక్క కడితే 10.34 రావాలి. అంటే నా బిళ్ళకు త్రాసు 1.12 చూపించాలి.

1.33 చూపించింది.

మూడుసార్లు చేశాను. ప్రతిసారీ 1.33. సాంద్రత 8.73. అది జర్మన్ సిల్వర్, పేరులో తప్ప ఒంట్లో వెండి లేని లోహం. రాగి, నికెల్, జింకు కలిపి చేస్తారు. తేలిక లోహంతో తులం తూకం తేవాలంటే దారి ఒక్కటే, మందం పెంచడం. అసలు రూపాయి సగటు మందం ఒకటిన్నర మిల్లీమీటర్లు. నాది కాలు మిల్లీమీటరు పైన లావుంది. మామూలు 1938 రూపాయిని పక్కన నిలబెడితే కంటికే తెలిసింది. కొనేటప్పుడు నిలబెట్టలేదు, అంతే.

ఈ నీళ్ళ పరీక్షకూ హద్దులున్నాయి. నూరో వంతు గ్రాము చూపే త్రాసుతో సాంద్రతలో 0.1 దాకా తేడా రావచ్చు. 10.3కూ 8.7కూ తేడా చెప్తుంది. బ్రిటిష్ రూపాయికీ నిజాం రూపాయికీ, అంటే 10.34కూ 10.17కూ తేడా నమ్మకంగా చెప్పలేదు. సీసం సాంద్రత 11.34, తగరం 7.3. ఆ రెండూ పాళ్ళు కుదిర్చి కలిపితే వెండి అంకె రాబట్టొచ్చు. అక్కడ పాత షరాబుల చెవి పనికొస్తుంది. రూపాయిని వేలి కొస మీద నిలిపి ఇంకో రూపాయితో తాకిస్తే వెండి ఖంగుమని సాగుతుంది, సీసం కలిసినది ధబ్బుమని ఆగుతుంది. నగల కొట్లో క్యారెట్ మీటరు ఉందిగా అంటారా? అది పై పొర మాత్రమే చదువుతుంది. మందంగా వెండి పూత పూసినదాన్ని అచ్చమైన వెండి అని చెప్పేస్తుంది.

లోహం గెలిచినంత మాత్రాన నాణెం గెలిచినట్టు కాదు. నన్ను మోసం చేసినవాడు తెలివితక్కువవాడు. తెలివైనవాడు అసలైన 1938 రూపాయి తీసుకుని, చివరి ఎనిమిదిని చెక్కి తొమ్మిది చేస్తాడు. తూకం సరి, సాంద్రత సరి, మోతా సరే. అంతా రాజుగారి వెండే. ఒక్క అంకె మాత్రం వేరే చేతిది. పది రెట్లు పెద్దది చేసే అద్దం కింద పెట్టాలి. అచ్చు దెబ్బకు లేచిన అంకె నేలలోంచి మొలిచినట్టు ఉంటుంది, దాని మొదట్లో ఎక్కడా గీత ఉండదు. చెక్కినదాని చుట్టూ నేల గీసుకుపోయి, మెరుపు తెగిపోయి కనబడుతుంది. అతికించినదైతే అతుకు దగ్గర సన్నటి నల్లగీత. తొమ్మిది తోక వంపు, మిగతా అంకెల లావు, అసలు నాణెం ఫొటోతో ఒక్కొక్కటే సరిచూడాలి.

పోత నకిలీల్ని పట్టడం ఇంకా తేలిక. అసలు నాణెం అచ్చుల మధ్య దెబ్బ తిని పుడుతుంది. పోసినది మూసలో చల్లారుతుంది. చల్లారేటప్పుడు గాలి బుడగలు సూది గుంటలుగా మిగులుతాయి, అక్షరాల అంచులు అరిగిన సబ్బుబిళ్ళలా మెత్తబడతాయి, మూస రెండు చెక్కలు కలిసిన గీతను అంచు మీద ఆకురాయితో రాకి ఉంటారు. అందుకే నాణెం చేతికొస్తే నేను ముందు బొమ్మ చూడను, అంచు చూస్తాను. బొమ్మ మీద పెట్టిన శ్రద్ధ దొంగ అంచు మీద పెట్టడు.

ఇక తలనొప్పి పుట్టించేవి నకిలీలు కాని నకిలీలు. బొంబాయి, కలకత్తా టంకశాలలు పాత అచ్చులతో సేకర్తల కోసం మళ్ళీ నాణేలు కొట్టి అమ్మేవి. బొంబాయిలో ఇది 1970 దాకా నడిచింది. అచ్చు అసలుదే, టంకశాల అసలుదే, వెండి అసలుదే. పుట్టిన రోజు మాత్రం వేరు. వీటికీ కొనేవాళ్ళున్నారు, కానీ ఇది మళ్ళీ కొట్టినదని చెప్పి అమ్మితేనే న్యాయం.

రాముడి బిళ్ళ

ఇప్పుడు ఆ ఆరో బిళ్ళ. త్రాసు మీద ఎందుకు పెట్టలేదంటే, దాన్ని పోల్చడానికి అసలైన బిళ్ళంటూ ఒకటి ఉండాలి. లేదు. ఈస్ట్ ఇండియా కంపెనీ దేశమంతటికీ ఒకే రకం నాణేలు మొదలుపెట్టింది 1835లో. 1818లో శ్రీరామ పట్టాభిషేకంతో అది అణాలు వేయలేదు. ఇలాంటివి 1616, 1717, 1839 సంవత్సరాలతోనూ తిరుగుతుంటాయి. హనుమంతుడు, కమలం, ఓంకారం, ఏది కావాలంటే అది. 1616 నాటికి కంపెనీ మన మచిలీపట్నంలో కొట్టు తెరిచి అయిదేళ్ళు. అద్దకం గుడ్డలు బేరమాడుకునే వర్తకులు అప్పటికి తమ పేరుతో రాముడి బిళ్ళలు వేసే స్థితిలో లేరు. కొన్నిటి మీద ఇంగ్లీషులో 'యూకే' అని కూడా ఉంటుంది. యునైటెడ్ కింగ్‌డమ్ అన్న పేరు అధికారికంగా మొదలైందే 1801లో. ఇవి పూజకో వేడుకకో అచ్చోసిన బిళ్ళలు. అమ్మమ్మ దాన్ని దేవుడి మందిరంలో పెట్టుకుంది. ఆ పనికి అది సరిగ్గా సరిపోయింది.

తమాషా ఏమిటంటే దేవుడి బొమ్మతో, తెలుగు అక్షరాలతో కంపెనీవాళ్ళు నిజంగానే వేసిన నాణేలున్నాయి. 1808 ప్రాంతంలో మద్రాసు టంకశాలలో పోసిన వెండి అర పగోడా, పావు పగోడా. ఒకవైపు గుడి గోపురం, చుట్టూ నక్షత్రాలు, రెండోవైపు విష్ణుమూర్తి, ఆయన చుట్టూ తమిళం, తెలుగు. అర పగోడా తూకం దాదాపు 21 గ్రాములు. నిజమైనదాన్ని చూసి మనవాళ్ళు మురవరు. లేనిదాని వెంట పరిగెడతారు.

ఆ పరుగుకు మన రెండు రాష్ట్రాల్లో ఒక పేరు కూడా ఉంది, రైస్ పుల్లింగ్. రాముడి బిళ్ళ దగ్గర పెడితే బియ్యపు గింజలు కదిలొస్తాయని, అందులో ఇరిడియం ఉందని, విదేశీ శాస్త్రవేత్తలు కోట్లు ఇస్తారని చెప్పి లక్షలు గుంజిన ముఠాలను పోలీసులు ఏటా పట్టుకుంటూనే ఉన్నారు. గింజలకు ఇనుప రజను అంటించి, బిళ్ళ కింద అయస్కాంతం దాస్తే గింజలు కదలక ఏం చేస్తాయి? దుకాణంలో మీకు నచ్చిన బస్తాలోంచి మీరే బియ్యం తెచ్చి పెట్టమనండి. ఆట అక్కడే కట్టు.

మామయ్య వాట్సాప్ వీడియో దీనికి చిన్న తమ్ముడు. 2012లో వైష్ణోదేవి బొమ్మతో అయిదు, పది రూపాయల నాణేలు వచ్చాయి. అవి మామూలు చెలామణీ నాణేలు. మీ దగ్గర ఉంటే పది లక్షలంటూ ప్రకటన వస్తుంది. ఫోన్ చేస్తే బిళ్ళ ఫొటో అడుగుతారు, మీరు ఎంపికయ్యారంటారు, ఆ తర్వాత రిజిస్ట్రేషన్ అనీ జీఎస్టీ అనీ రిజర్వ్ బ్యాంక్ ఫీజు అనీ మీ దగ్గరే వసూలు మొదలవుతుంది. రిజర్వ్ బ్యాంక్ 2021 ఆగస్టులో సూటిగానే చెప్పింది: పాత నోట్లు, నాణేల కొనుగోలు అమ్మకాలు తాను చేయదు, వాటి మీద ఏ కమీషనూ తీసుకోదు, ఎవరికీ అలా తీసుకునే అధికారం ఇవ్వలేదు. కొనేవాడు అమ్మేవాణ్ణి డబ్బు కట్టమన్నాడంటే అక్కడ నాణెం బేరం జరగడం లేదు.

చింతపండు చేసే నష్టం

బంగారం విషయంలో మనవాళ్ళకు తెలియకుండానే ఒక నాణెపు లెక్క నాలుక మీద ఉంది. గోదావరి జిల్లాల్లో కాసు బంగారమంటే 8 గ్రాములు. ఇంగ్లండు సవరిన్ తూకం 7.988 గ్రాములు, 22 క్యారెట్లు, అందులో మేలిమి 7.32. పాత కాసులపేర్లలో ఎక్కువ భాగం లక్ష్మీదేవి ముద్ర కాసులే అయినా, అక్కడక్కడ నిజమైన సవరిన్లూ ఉంటాయి. బొంబాయిలో సవరిన్ పోసింది ఒకే ఒక్క సంవత్సరం, 1918లో, సుమారు 13 లక్షలు. గుర్రం మీది సెయింట్ జార్జి కింద, నేలగీత మధ్యలో, సంవత్సరానికి పైన ఇంగ్లీషు 'ఐ' అక్షరం చిన్నదిగా ఉంటుంది. అలాంటిది కాసులపేరులో కనబడితే సంతోషించొచ్చు, కానీ ఎక్కువ కాదు. కొక్కెం అతికిన మరుక్షణమే అది సేకర్తల లెక్కలోంచి జారి బంగారం లెక్కలో పడింది. ఇంకో చిక్కు, బీరూట్ లాంటి చోట్ల పూర్తి బంగారంతోనే దొంగ సవరిన్లు చేశారు. వాటిని నీళ్ళ పరీక్షా పట్టదు, క్యారెట్ మీటరూ పట్టదు. బొమ్మ పనితనాన్ని అసలుదానితో పోల్చడమే దారి.

స్థితి ధరను ఎంత మారుస్తుందో చెప్పడానికి అమెరికాలో విలియం షెల్డన్ అనే ఆయన 1949లో ఒక కొలబద్ద పెట్టాడు. 1 నుంచి 70 దాకా. 1 అంటే ఏ నాణెమో పోల్చుకోగలిగినంత మాత్రమే మిగిలినది, 70 అంటే మచ్చలేనిది. ఆయన కాలంలో ఆ అంకెలు నేరుగా ధరలే, 70లో ఉన్నది 1లో ఉన్నదానికి 70 రెట్లు పలకాలని. ఇప్పుడా నిష్పత్తి ఎవరూ పాటించరు గానీ అంకెలు మిగిలాయి. 1980ల్లో మొదలైన పీసీజీఎస్, ఎన్‌జీసీ లాంటి సంస్థలు నాణేన్ని పరీక్షించి, ఆ అంకె వేసి, ప్లాస్టిక్ పెట్టెలో సీలు వేసి ఇస్తాయి. ఖరీదైన నాణేనికి ఆ ఖర్చు దండగ కాదు. మా 1862 బిళ్ళకు చేయిస్తే ఫీజు నాణేన్ని మించుతుంది. ఆ ప్లాస్టిక్ పెట్టెలకూ నకిలీలున్నాయి. పెట్టె మీది సంఖ్యను ఆ సంస్థ వెబ్‌సైట్లో సరిచూసి, అక్కడి ఫొటోలో ఉన్న గీతలు మీ చేతిలోని నాణెం మీద ఉన్నాయో లేదో చూడాలి.

ఇక మా ఇంట్లో జరిగిన అసలు నష్టం. అమ్మమ్మ ఏటా వరలక్ష్మీ వ్రతానికి కలశంలో వేసే ముందు ఆ రూపాయల్ని చింతపండుతో తోమేది. యాభై శ్రావణాలు. ఒక్కో తోముడుకు పైపొర కొంచెం. టంకశాల దెబ్బకు పుట్టిన మెరుపు నాణెం మీద కాంతిని చక్రంలా తిప్పుతుంది. ఒకసారి రాస్తే అది పోతుంది, మళ్ళీ రాదు. తోమిన నాణెం అద్దంలా మెరిసినా, తెలిసినవాడి కంటికి తెల్లబోయినట్టు కనబడుతుంది. వందేళ్ళ నల్లపొర ఉన్న రూపాయి పక్కన దానికి సగం ధర కూడా రాకపోవచ్చు. అమ్మమ్మను తప్పు పట్టను. ఆవిడ ఆ బిళ్ళల్ని దాచింది లక్ష్మీదేవి కోసం, వేలంపాట కోసం కాదు.

చట్టం సంగతి రెండు ముక్కల్లో. పొలంలోనో పాత గోడలోనో మూట దొరికి, దాని విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలపాలని 1878 నాటి నిక్షేపాల చట్టం చెప్తుంది. ఆ పది రూపాయలు ఈనాటికీ పదే. వందేళ్ళు దాటిన నాణేలు 1972 చట్టం కింద పురావస్తువులు. వాటితో వ్యాపారం చేయాలంటే లైసెన్సు కావాలి, దేశం బయటికి పంపడం నేరం. అమెరికాలో ఉన్న అబ్బాయికి తాతగారి విక్టోరియా రూపాయి సూట్‌కేసులో పెట్టి పంపేవాళ్ళు ఈ ముక్క ఒకసారి చదువుకోవాలి.

మామయ్యకు చివరికి లెక్క కట్టి చూపించాను. అయిదు బిళ్ళల్లో కలిపి 46.67 గ్రాముల వెండి. తేలిగ్గా ఉంటుందని గ్రాము నూరు రూపాయలనుకున్నాం, 4,667 వచ్చింది. గ్రాము ధర పెరిగితే ఆ మేరకు అదీ పెరుగుతుంది. పది లక్షలు మాత్రం కాదు. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత రాముడి బిళ్ళ తీసుకుని జేబులో వేసుకుని, "ఇది నాకిచ్చెయ్, మందిరంలో పెట్టుకుంటా" అన్నాడు.

మీ ఇంట్లోనూ ఇలాంటి మూట ఉండే ఉంటుంది. చింతపండు, పీతాంబరి, టూత్‌పేస్టు, ఏదీ దాని దగ్గరికి రానివ్వకండి. వేళ్ళతో ముఖం మీద కాక అంచుల మీద పట్టుకోండి, ఒక్కో బిళ్ళను విడిగా కాగితంలో చుట్టండి, తూకం వేసి ఆ అంకె దాని మీద రాయండి. నా దొంగ 1939 మీద కూడా రాసి పెట్టుకున్నాను: 11.61, 1.33, 8.73.